వెళ్లిన వెలుగు, తిరిగొచ్చిన వెలుగు

తలంబ్రాల సమయంలో ఫోటోగ్రాఫర్ మీట నొక్కితే చూసేవాళ్లకు ఒక్క మెరుపే కనిపిస్తుంది. నిజానికి అక్కడ మెరిసేది రెండుసార్లు. మొదటి మెరుపు చాలా చిన్నది. అది వెళ్లి పెళ్లికొడుకు కట్టుకున్న మధుపర్కానికీ, పెళ్లికూతురి ముఖానికీ, గాల్లో ఉన్న పసుపు బియ్యానికీ తగిలి లెన్సులోకి తిరిగొస్తుంది. డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలోని అద్దం అప్పటికింకా దించే ఉంటుంది. అందుకని ఆ వెలుగు పైకి మళ్లి, వ్యూఫైండర్ దగ్గర ఉండే కొలత సెన్సర్ మీద పడుతుంది. కెమెరా లెక్క కట్టుకుంటుంది. ఆ తర్వాత అద్దం లేస్తుంది, షట్టర్ మొదటి తెర తెరుచుకుంటుంది, అసలు మెరుపు మెరుస్తుంది, రెండో తెర వచ్చి మూసేస్తుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది కాబట్టి మన కంటికి రెండు మెరుపులూ కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి.

వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి తీసేవాళ్లు దీన్ని స్వయంగా పట్టుకోవచ్చు. అసలు మెరుపు వచ్చే వేళకు అద్దం లేచి ఉంటుంది, వ్యూఫైండర్ చీకటైపోతుంది. కాబట్టి లోపలినుంచి చూస్తున్న మీకు మెరుపు కనిపించిందంటే అది ఫోటోలో పడిన మెరుపు కాదు, కొలత కోసం ముందుగా పంపినది.

ఫ్లాష్ వేసి తీసిన ఫోటోల్లో కొన్ని ముఖాలు పాలిపోయి, కొన్ని నల్లబడి రావడానికి కారణం చాలాసార్లు ఆ చిన్న మెరుపు దగ్గరే దొరుకుతుంది. మనిషి మీద ఎంత వెలుగు పడిందో కెమెరాకు తెలియదు. దానికి తెలిసేది తిరిగి ఎంత వచ్చిందన్నదే. ఈ రెండూ ఒకటి కాదన్న సంగతి వంటబడితే ఫ్లాష్ మన మాట వింటుంది.

మెరుపు ఎంతసేపు

వెలుగును తానే కొలుచుకునే కెమెరాలు నిన్నమొన్నటివి. అంతకుముందు వందేళ్లకు పైగా ఆ లెక్క మనుషులే చూసుకున్నారు. 1851లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హెన్రీ ఫాక్స్ టాల్బట్ గిర్రున తిరిగే చక్రానికి టైమ్స్ పత్రిక ముక్క ఒకటి అంటించి, చీకట్లో కెమెరా తెరిచిపెట్టి, లైడెన్ జాడీల్లో నిలవ చేసిన విద్యుత్తుతో ఒక్క నిప్పురవ్వ పుట్టించాడు. చక్రం తిరుగుతూనే ఉన్నా అచ్చక్షరాలు చదవడానికి వీలుగా పడ్డాయి. 1887లో జర్మనీలో మీతే, గెడికే అనే ఇద్దరు మెగ్నీషియంతో ఫ్లాష్ పౌడర్ తయారుచేశారు. వెలుగుతోపాటు పొగ, మంట, ప్రమాదం కూడా వచ్చేవి. 1930 ప్రాంతంలో బల్బులు వచ్చాయి, ఒక్కో ఫోటోకి ఒక్కో బల్బు మాడిపోయేది. ఆ దశకంలోనే అమెరికాలో ఎమ్‌ఐటీ ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్గర్టన్, వాయువు నింపిన గాజు గొట్టంలోకి విద్యుత్తును ఒక్కసారిగా వదిలి, ఎన్నిసార్లయినా వాడుకోగల మెరుపును సాధించాడు. ఆపిల్‌ను చీల్చుకుని పోతున్న తూటాను 1964లో ఫోటో తీసింది ఆయనే.

ఇవాళ కెమెరా నెత్తిన బిగించుకునే ఫ్లాష్ కూడా ఆ గొట్టపు వంశానిదే. లోపల ఒక కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టుల దగ్గర విద్యుత్తు నిలవ ఉంటుంది. గొట్టంలోని జెనాన్ వాయువు మామూలుగా ఆ విద్యుత్తును కదలనివ్వదు. కొన్ని వేల వోల్టుల పోటు ఒకటి తగలగానే వాయువులోని అణువులనుంచి ఎలక్ట్రాన్లు విడివడి దారి ఏర్పడుతుంది. నిలవ ఉన్న విద్యుత్తంతా ఆ దారిన దూకుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఫ్లాష్‌ను సగం బలానికి తగ్గిస్తే మెరుపు కాంతి సగానికి తగ్గుతుందనుకుంటాం. అలా జరగదు. మెరుపు అంతే తీక్షణంగా మొదలవుతుంది, కాకపోతే దాన్ని మధ్యలోనే కోసేస్తారు. నికాన్ ఎస్‌బీ-800నే చూడండి. పూర్తి బలంతో కొడితే మెరుపు సుమారు 1/1000 సెకను ఉంటుంది. అడుగుకు, అంటే 1/128 బలానికి దించితే సుమారు 1/40000 సెకనుకే ఆగిపోతుంది.

తలంబ్రాల బియ్యం గింజ మూరెత్తునుంచి జారిందనుకోండి. తలమీద పడేసరికి దాని వేగం సెకనుకు 3 మీటర్లు ఉంటుంది. 1/60 సెకనులో అది 5 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. అదే 1/1000 సెకనులోనైతే 3 మిల్లీమీటర్లే. ఫ్లాష్‌ను పావు బలానికి తగ్గిస్తే ఒక మిల్లీమీటరుకు అటూఇటూ. గింజ పొడవే 5, 6 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి పూర్తి బలంలో గింజకు తోక వస్తుంది, పావు బలంలో గింజ గింజగానే నిలబడుతుంది. గాల్లో బియ్యం స్పష్టంగా రావాలంటే షట్టర్ వేగం పెంచాలని చూస్తారు చాలామంది. చేయాల్సింది ఫ్లాష్ బలం తగ్గించి, ఆ మేరకు ఐఎస్ఓ పెంచడం.

దూరం చేసే పని

ఫ్లాష్ వెలుగు దూరంతో తగ్గే తీరు కాస్త కటువుగా ఉంటుంది. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, మూడింతలైతే తొమ్మిదో వంతుకు. ఎపర్చర్ వరుస, అంటే 2.8, 4, 5.6, 8, 11, ఒక్కో మెట్టుకు (దీన్నే స్టాపు అంటారు) వెలుగును సగం చేస్తుంది. ఈ రెంటినీ కలిపి పాతకాలపు ఫోటోగ్రాఫర్లు ఒక సులువైన లెక్క పట్టుకున్నారు. ప్రతి ఫ్లాష్‌కీ ఒక గైడ్ నంబర్ ఉంటుంది. దాన్ని దూరంతో భాగిస్తే పెట్టాల్సిన ఎపర్చర్ వచ్చేస్తుంది. గైడ్ నంబర్ 40 అయి, మనిషి 5 మీటర్ల దూరంలో ఉంటే ఎఫ్/8. ఐఎస్ఓను 100 నుంచి 400కు పెంచితే గైడ్ నంబర్ రెండింతలవుతుంది, 1600కు పెంచితే నాలుగింతలు. కొనేటప్పుడు మాత్రం ఈ నంబర్‌ను జాగ్రత్తగా చదవాలి. కెనాన్ 580ఈఎక్స్‌కు 58 అని రాసి ఉంటుంది. అది ఫ్లాష్ తలను 105 మిల్లీమీటర్లకు జూమ్ చేసి వెలుగును బిగించినప్పటి లెక్క. 35 మిల్లీమీటర్ల దగ్గర అదే ఫ్లాష్ 36కు దిగుతుంది.

ఆటోమేటిక్ కెమెరా చేతిలో ఉన్నా ఈ లెక్క అవసరం తీరదు. గ్రూప్ ఫోటోలే దీనికి సాక్ష్యం. ముందు వరుస 2 మీటర్ల దూరంలో, వెనక వరుస 4 మీటర్ల దూరంలో ఉంటే వెనకవాళ్ల మీద పడే వెలుగు నాలుగో వంతే, అంటే రెండు స్టాపులు తక్కువ. ఏ కెమెరా అయినా, ఎంత ఖరీదైనదైనా, ఆ రెండు వరుసలకూ ఒకేసారి సరైన వెలుగు ఇవ్వలేదు. మీరు 3 మీటర్లు వెనక్కి జరిగితే దూరాలు 5, 7 మీటర్లవుతాయి. తేడా ఒక్క స్టాపుకు వస్తుంది. అమ్మమ్మా తాతయ్యా కుర్చీల్లో ముందు కూర్చుని, పొడుగువాళ్లంతా వెనక నిలబడే కుటుంబాల ఫోటోల్లో ఎప్పుడూ వెనకవాళ్లే నల్లబడడం వాళ్ల తప్పు కాదు, ఒంటి రంగుదీ కాదు. ఫోటోగ్రాఫర్ మరీ దగ్గరగా నిలబడ్డాడు, అంతే.

ఒకే ఫ్రేములో రెండు ఫోటోలు

ఫ్లాష్ వేసి తీసిన ప్రతి ఫోటోలోనూ రెండు ఫోటోలు ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. ఒకటి పందిట్లో ముందే ఉన్న వెలుగు గీసినది. రెండోది ఫ్లాష్ గీసినది. మెరుపు 1/1000 సెకనులో ముగుస్తుంది కాబట్టి షట్టర్ 1/60 ఉన్నా 1/200 ఉన్నా ఫ్లాష్ గీసే ఫోటోలో తేడా రాదు. పందిట్లో వెలుగు గీసే ఫోటో మాత్రం షట్టర్‌ను బట్టి మారిపోతుంది. ఎపర్చర్, ఐఎస్ఓ రెంటినీ మారుస్తాయి. ఫ్లాష్ బలం, దూరం ఫ్లాష్ ఫోటోనే మారుస్తాయి. వెనక ఉన్న పూల అలంకరణ చీకట్లో మునిగిపోయి, ముందు ఇద్దరు మాత్రం తెల్లగా వచ్చిన ఫోటోలు ఎన్నో ఆల్బముల్లో ఉన్నాయి. షట్టర్‌ను 1/200 దగ్గరే వదిలేసి, ఐఎస్ఓ 100లో తీసినందువల్ల వచ్చిన చీకటి అది. ఐఎస్ఓను 800కో 1600కో పెంచి, షట్టర్‌ను 1/60కి దించితే పందిరి తిరిగొస్తుంది.

షట్టర్‌కు పై హద్దు కూడా ఉంది. డీఎస్‌ఎల్‌ఆర్ షట్టర్‌లో రెండు తెరలుంటాయని చెప్పుకున్నాం. 1/200, 1/250 వరకు మొదటి తెర పూర్తిగా తెరుచుకున్నాకే రెండోది కదులుతుంది. ఆ కాస్త వ్యవధిలో సెన్సర్ మొత్తం బయటపడి ఉంటుంది, ఫ్లాష్ అప్పుడే మెరవాలి. అంతకంటే వేగం పెంచితే మొదటి తెర పూర్తిగా దాటకముందే రెండోది బయల్దేరుతుంది. సెన్సర్ మీద జరిగేది ఒక సన్నటి సందు మాత్రమే. అప్పుడు మెరిస్తే ఫోటోలో ఒక పట్టీ నల్లగా ఉండిపోతుంది. హైస్పీడ్ సింక్ అనే పద్ధతిలో ఫ్లాష్ ఒక్క మెరుపుకు బదులు సెకనుకు వేలసార్లు కొట్టుకుంటూ సందు దాటేదాకా వెలుగుతూ ఉంటుంది. 1986లో ఒలింపస్ దీన్ని మొదలుపెట్టింది. ఎండలో ఉపయోగపడుతుంది గానీ అందే వెలుగు బాగా తగ్గుతుంది.

రెండు ఫోటోలు ఒకే ముఖం మీద పడినప్పుడు వెలుగులు కలుస్తాయన్నది మరిచిపోకూడదు. పందిట్లో వెలుగు ఒక్కటే ముఖానికి సరిపోయేంత ఉండి, దానికి ఫ్లాష్ కూడా సరిపోయేంత వేస్తే మొత్తం రెండింతలు, ఒక స్టాపు ఎక్కువ. అదే పందిట్లో వెలుగును రెండు స్టాపులు తక్కువగా ఉంచుకుంటే అది ఇచ్చేది నాలుగో వంతే. ఫ్లాష్‌తో కలిసి ఒకటింబావు, అంటే మూడో వంతు స్టాపు తేడా. ముఖం చెడదు, వెనక పందిరీ కనిపిస్తుంది. అందుకే పని ఇలా మొదలుపెట్టడం మంచిది: ముందు ఫ్లాష్ ఆపేసి ఒక ఫోటో తీయండి. పందిరి ఒకటి రెండు స్టాపులు తక్కువగా వచ్చేలా షట్టర్, ఐఎస్ఓ సర్దుకోండి. ఆ తర్వాతే ఫ్లాష్ ఆన్ చేయండి.

మన పెళ్లిళ్లలో ఈ లెక్కను తారుమారు చేసేది వీడియో లైటు. వీడియో తీసేవాళ్లు లైటు పట్టుకుని రెండడుగులు ముందుకొస్తే ముఖాల మీద ఒకటిన్నర స్టాపు పెరగడం మామూలే. మీరు సర్దుకున్న 1/60 సెకనులో ఆ లైటు కూడా పూర్తి ఫోటో గీసేస్తుంది. చెయ్యి కదిలితే ఫ్లాష్ గీసిన స్పష్టమైన చెయ్యి పక్కనే వీడియో లైటు గీసిన మసక చెయ్యి కూడా పడుతుంది. తలంబ్రాలకు ముందే వాళ్లతో మాట్లాడుకుని లైటు ఎక్కడ నిలపాలో ఒక మాట అనుకుంటే ఇద్దరి పనీ బాగుంటుంది. లైటు నిలకడగా ఉండకపోతే ఆ ఒక్క ఘట్టానికి షట్టర్‌ను 1/200కి పెంచేయడమే మేలు.

తిరిగొచ్చిన వెలుగును కొలవడం

ఫ్లాష్ తన వెలుగును తానే ఆపుకోగలగడం మొదట్లో అసాధ్యమనిపించి ఉండాలి. 1/1000 సెకనులో వెళ్లి, తిరిగొచ్చి, కొలుచుకుని, ఆగడమా? లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 3 మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తాకి తిరిగి రావడానికి వెలుగుకు పట్టేది 20 నానోసెకన్లు. మెరుపు నిడివి అందుకు 50,000 రెట్లు. కాబట్టి మెరుపు ఇంకా సాగుతుండగానే దాని మొదటి భాగం తిరిగొచ్చేసి ఉంటుంది. ఫ్లాష్ ముందుభాగంలో ఒక చిన్న కన్ను అమర్చి, చాలినంత వెలుగు తిరిగి రాగానే గొట్టాన్ని ఆపేసే ఆటో ఫ్లాష్‌లు 1960ల్లోనే మొదలయ్యాయి. ఆ కన్ను ఉండేది ఫ్లాష్ మీద. లెన్సు ఏం చూస్తోందో దానికి తెలియదు.

1975లో ఒలింపస్ ఓఎం-2 ఈ పని చేసే కన్నును కెమెరా లోపలికి తెచ్చింది. యోషిహిసా మైతానీ బృందం చేసిన ఆ ఏర్పాటు నాకు ఇప్పటికీ అపురూపంగా అనిపిస్తుంది. షట్టర్ తెరుచుకుని ఫిల్మ్ మీద వెలుగు పడుతుండగానే, ఆ ఫిల్మ్ ఉపరితలంనుంచి చెదిరి వెనక్కొచ్చే వెలుగును సెన్సర్ కొలిచేది. చాలినంత పడగానే ఫ్లాష్‌ను ఆపేసేది. ముందస్తు అంచనాలేమీ లేవు, జరుగుతున్న ఫోటోనే కొలవడం. లెన్సు ఏదైనా, ఫిల్టర్ ఏదైనా, లెక్క దానంతటదే సరిపోయేది.

డిజిటల్ వచ్చి ఆ దారి మూసేసింది. ఫిల్మ్ మీది పూత మసకగా, మెరుపు లేకుండా ఉంటుంది, వెలుగును అన్ని వైపులా చెదరగొడుతుంది. డిజిటల్ సెన్సర్ మీద నున్నటి గాజు ఫిల్టర్ ఉంటుంది. దాన్నుంచి వచ్చే ప్రతిఫలనం ఫిల్మ్‌లా ఉండదు, కొలతకు పనికిరాదు. ఫోటో పడుతుండగా కొలవడం కుదరనప్పుడు ఫోటోకు ముందే కొలవాలి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసినట్టు, బలం ముందే తెలిసిన ఒక చిన్న మెరుపును పంపి, తిరిగొచ్చినదాన్ని బట్టి అసలు మెరుపు ఎంతుండాలో తేల్చడమే ఇప్పటి టీటీఎల్ ఫ్లాష్. కెనాన్ ఈ పద్ధతిని 1995లో ఈ-టీటీఎల్ పేరుతో ఫిల్మ్ కెమెరాల్లోనే మొదలుపెట్టి, 2004లో ఈ-టీటీఎల్ 2గా సరిదిద్దింది. నికాన్ 2003లో డీ2హెచ్ కెమెరాతో ఐ-టీటీఎల్ తెచ్చింది.

చిన్న మెరుపు వెళ్లే ముందు కెమెరా పందిట్లో ఉన్న వెలుగును ఒకసారి కొలుస్తుంది. మెరుపుతో మళ్లీ కొలుస్తుంది. ఫ్రేమును గడులుగా విడగొట్టి ఒక్కో గడిలో తేడా చూస్తుంది. ఏ గడిలోనైనా తేడా అసాధారణంగా ఎక్కువుంటే అక్కడ అద్దమో లోహమో ఉందనుకుని లెక్కలోంచి తీసేస్తుంది. పెళ్లికూతురి నుదుటి బాసికం, వడ్డాణం సూటిగా వెలుగును తిప్పికొట్టినా ఫోటో మొత్తం చీకటి కాకపోవడానికి ఈ ఏర్పాటే కారణం. ఫ్లాష్ నేరుగా ఎదుటికి ఉన్నప్పుడు, లెన్సు చెప్పే ఫోకస్ దూరాన్ని కూడా కొన్ని కెమెరాలు లెక్కలో కలుపుకుంటాయి. ఫ్లాష్ తలను పైకప్పుకేసి తిప్పితే వెలుగు నడిచే దారి మారిపోతుంది కాబట్టి ఆ సమాచారం పనికిరాదు.

ఇంత తెలివైన ఏర్పాటు కూడా ఒక ఊహ మీదే నిలబడి ఉంది. ఎదురుగా ఉన్న దృశ్యం, సగటున చూస్తే, తన మీద పడిన వెలుగులో సుమారు 18 శాతాన్ని తిప్పిపంపే మధ్యస్థపు బూడిదరంగుతో సమానమని ఆ ఊహ. వీధి దృశ్యాలకు ఇది చాలావరకు సరిపోతుంది. మన పెళ్లి పీటల మీద సరిపోదు.

మధుపర్కాలు తెల్లటి నేత బట్టలు, ఎర్రంచు. కొత్త తెల్లబట్ట తన మీద పడిన వెలుగులో దాదాపు 90 శాతం తిప్పిపంపుతుంది. రంగుల ప్రమాణంగా 1976నుంచి వాడుతున్న కలర్‌చెకర్ పలకలో ముదురు చర్మం గడి 10 శాతం, లేతచర్మం గడి 35 శాతం తిప్పిపంపుతాయి. అంటే చామనఛాయ ముఖానికీ దాని కిందే ఉన్న తెల్లబట్టకీ మధ్య మూడు స్టాపులకు పైగా తేడా. ఫ్రేములో సగం తెల్లబట్టే ఉంటే తిరిగొచ్చే వెలుగు ఎక్కువగా ఉంటుంది. కెమెరా ఆ తెలుపును బూడిదరంగు అనుకుంటుంది, మెరుపు చాలా ఎక్కువైందని తేల్చి అసలు మెరుపును కోసేస్తుంది. బట్ట మాసినట్టు వస్తుంది, ముఖాలు నల్లగా వస్తాయి. ఫ్రేమంతా తెలుపే అయితే తేడా రెండు స్టాపులు దాటుతుంది. మామూలు పీటల ఫోటోలో ఫ్లాష్ కాంపెన్సేషన్ ఒక స్టాపు కలిపితే చాలు.

సాయంత్రం రిసెప్షన్‌లో ఇదే తిరగబడుతుంది. నల్లసూటు వెలుగును దిగమింగుతుంది, తిరిగొచ్చేది తక్కువ, కెమెరా మెరుపును పెంచుతుంది, ముఖాలు పాలిపోతాయి. అక్కడ ఒక స్టాపు తగ్గించాలి. తెలుపుకు కలపాలి, నలుపుకు తీయాలి అన్నది మొదట్లో వింతగా తోస్తుంది. కెమెరా కొలిచేది తిరిగొచ్చిన వెలుగునని గుర్తుంటే ఇందులో బట్టీ పట్టాల్సిందేమీ లేదు.

సగటును నమ్మకుండా ముఖాన్నే కొలిపించే మార్గం ఒకటుంది. కెనాన్‌లో ఎఫ్ఈ లాక్, నికాన్‌లో ఎఫ్‌వీ లాక్ అంటారు. ముఖాన్ని ఫ్రేము మధ్యకు తెచ్చి ఆ మీట నొక్కితే చిన్న మెరుపు ఒక్కటే వెళ్లొస్తుంది, కొలత గుర్తుండిపోతుంది. ఆ తర్వాత ఫ్రేము సర్దుకుని తీసుకోవచ్చు. ఇక్కడా కెమెరా ముఖాన్ని 18 శాతంగానే లెక్కిస్తుంది. నిజంగా 10 శాతం తిప్పిపంపే ముఖమైతే దాదాపు ఒక స్టాపు ఎక్కువవుతుంది, కాబట్టి మూడింట రెండు స్టాపులు తగ్గించాలి. 35 శాతం ముఖమైతే ఒక స్టాపు కలపాలి.

ఆ తగ్గించడాన్ని మనవాళ్లలో చాలామంది ఇష్టపడరు. ముఖం తెల్లగా వస్తేనే ఫోటో బాగుందనుకునే అలవాటు బలంగా ఉంది. దాన్ని నేను ఒప్పుకోను, భౌతికశాస్త్రం కూడా ఒప్పుకోదు. 10 శాతం ముఖాన్ని దాని చోట ఉంచితే 90 శాతం తెల్లబట్ట మధ్యస్థ బూడిదకు సుమారు 2.3 స్టాపుల పైన పడుతుంది. అది సెన్సర్ హద్దుకు లోపలే, నేత పోగులు కూడా కనిపిస్తాయి. ముఖాన్ని తెల్లగా చేయాలని మెరుపు పెంచితే బట్ట మూడు స్టాపులు దాటి ఉట్టి తెలుపైపోతుంది. నేత పోతుంది, మడతలు పోతాయి, అంచు పక్కన తెలుపు పొంగి ఎరుపు వెలిసిపోతుంది. చామనఛాయ మనిషి చామనఛాయగా కనిపించడమే సరైన ఎక్స్‌పోజర్. ఆ మనిషికి ఇవ్వాల్సిన మర్యాద కూడా అదే.

మాన్యువల్ ఎప్పుడు

టీటీఎల్ ప్రతి ఫోటోకీ కొత్తగా కొలుస్తుంది. తెల్లబట్ట ఫ్రేములో కాస్త ఎక్కువైతే ఒక లెక్క, పురోహితుడు వంగి అడ్డొస్తే ఇంకో లెక్క. వరుసగా తీసిన పది ఫోటోల్లో పది రకాల ముఖాలు వస్తాయి. పెళ్లి పీటల దగ్గర ఇద్దరూ కదలకుండా కూర్చునే ఉంటారు, మీరు నిలబడే చోటూ పెద్దగా మారదు. దూరం మారనప్పుడు మెరుపు మారాల్సిన పనిలేదు. ఫ్లాష్‌ను మాన్యువల్‌లో పెట్టి, పావు బలమో ఎనిమిదో వంతో సరిచూసుకుంటే ఎవరు ఏ రంగు కట్టుకుని ఫ్రేములోకి వచ్చినా ముఖం మారదు. స్టూడియోల్లో వాడే ఫ్లాష్ మీటర్ తెల్లటి బుడిపెతో ముఖం దగ్గర పడే వెలుగునే కొలుస్తుంది, తిరిగొచ్చే వెలుగుతో దానికి పనిలేదు. మాన్యువల్ కూడా ఆ పద్ధతికే దగ్గర. దూరం మాత్రం కనిపెట్టుకుని ఉండాలి. 3 మీటర్లనుంచి 2 మీటర్లకు జరిగితే ఒక స్టాపుకు పైగా పెరుగుతుంది. ఎదుర్కోళ్లలో, ఊరేగింపులో మనుషులు దగ్గరకూ దూరంగా కదులుతూ ఉంటారు కాబట్టి అక్కడ టీటీఎల్లే నయం.

బౌన్స్ గురించి కొద్దిగా. పైకప్పు తెల్లగా, తక్కువ ఎత్తులో ఉంటే ఫ్లాష్ తల పైకి తిప్పడం కంటే మంచి పని లేదు. ముందు వరుసకూ వెనక వరుసకూ దూరాల తేడా తగ్గుతుంది, నీడలు మెత్తబడతాయి. రెండు మూడు స్టాపుల వెలుగు మాత్రం దారిలో పోతుంది. పెద్ద ఫంక్షన్ హాళ్లలో కప్పు మరీ ఎత్తు. అక్కడ టీటీఎల్ అడిగినంత మెరుపు ఫ్లాష్ దగ్గర ఉండదు, ఉన్నదంతా ఇచ్చేసినా ఫోటో చీకటిగానే వస్తుంది. నికాన్ ఫ్లాష్‌లలో మెరుపు తర్వాత రెడీ దీపం కొద్దిసేపు కొట్టుకుంటే పూర్తి బలం వాడేశానని చెప్పడం. దాన్ని చూడకుండా కాంపెన్సేషన్ పెంచుకుంటూ పోయినా లాభం లేదు. ఐఎస్ఓ పెంచాలి లేదా ఎపర్చర్ తెరవాలి. షామియానా కింద బౌన్స్ అసలు వద్దు. ఎర్ర, పసుపు గుడ్డల రంగంతా ముఖాల మీదికి దిగుతుంది.

రంగు సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చూడాలి. ఫ్లాష్ వెలుగు సుమారు 5500 కెల్విన్, పగటి వెలుగుకు దగ్గర. పాతరకం పసుపు బల్బులు 3000 కెల్విన్ లోపు. రెండు ఫోటోలు ఒకే ఫ్రేములో ఉన్నాయి కాబట్టి వైట్ బ్యాలెన్స్ ఏదో ఒకదాన్నే సరిచేయగలదు. ఫ్లాష్ ముందు నారింజరంగు జెల్ ముక్క బిగిస్తే రెంటి రంగూ ఒకటవుతుంది. జెల్ కొంత వెలుగును తినేస్తుంది. టీటీఎల్‌లో దానికి వేరే లెక్క అక్కర్లేదు, చిన్న మెరుపు కూడా ఆ జెల్‌లోంచే వెళ్లొస్తుంది కదా. మాన్యువల్‌లో మాత్రం మూడింట రెండు స్టాపులు కలుపుకోవాలి.

తీసిన ఫోటో సరిగ్గా వచ్చిందో లేదో కెమెరా వెనక తెర చూసి తేల్చుకోవద్దు. తెల్లవారుజామున చీకటి పందిట్లో ఆ తెర మిలమిలా మెరుస్తుంది, రెండు స్టాపులు తక్కువైన ఫోటో కూడా అందులో నిండుగా కనిపిస్తుంది. హిస్టోగ్రాం చూడాలి. అదీ ఒకే తెల్ల గ్రాఫు కాకుండా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ విడివిడిగా. ఎర్ర పట్టుచీర మీద పూర్తి గ్రాఫు కుడి అంచుకు ఎంతో దూరంలో ఉన్నా, ఎరుపు గ్రాఫు ఒక్కటీ అంచుకు గుద్దుకుని ఉంటుంది. అలాంటి ఫోటోలో చీర మడతలన్నీ ఒకే ఎర్రముద్దగా వస్తాయి, జరీ పువ్వుల చుట్టూ నేత కనిపించదు. కెమెరా చూపించే ఈ గ్రాఫు జేపెగ్‌ను బట్టి గీసినది కాబట్టి రా ఫైల్‌లో కొంచెం అదనంగా మిగిలి ఉండొచ్చు. కానీ సెన్సర్ గడి ఒకసారి నిండిపోయాక దాటిన వెలుగు ఎంతో ఏ ఫైల్‌లోనూ నమోదు కాదు. నీడలో ఉన్నదాన్ని తర్వాత కొంత గరుకుతో పైకి లాగొచ్చు. అందుకని ఎరుపు గ్రాఫు అంచును తాకితే ఫ్లాష్‌ను మూడో వంతు స్టాపు దించి, అదే చోట నిలబడి మళ్లీ తీయాలి. ఇంకా తాకుతుంటే ఇంకో మూడో వంతు.